రిపేరుకి వెళ్ళే బండి

ఆ శనివారం ఇంట్లో అయిదుగురం ఉన్నాం. నాన్న హోకాన్, నాన్నమ్మ రగ్నహిల్డ్, అమ్మ మారిత్, నేను, కాఫీకని పక్క ఊరి నుంచి వచ్చిన వెల్డింగు స్టూరె. వాకిట్లో అమ్మ ఎర్ర కారు ఉంది. గోడ ప్లగ్గు నుంచి దాని ముక్కులోకి వైరు వేలాడుతోంది, ఆసుపత్రిలో సెలైను ఎక్కుతున్న మనిషిలా.

ఇంజనుని వెచ్చగా ఉంచే ఆ వైరు పెట్టకపోతే మా చలికి అది గడ్డకట్టిపోతుంది. నాన్న పడుకోబోయే ముందు దాన్ని పీకేసేవాడు. "కరెంటు నీ పుట్టింటి నుంచి వస్తోందా?" అనేవాడు. పొద్దున అమ్మ తాళం తిప్పితే కారు దగ్గి ఊరుకునేది. పనికి ఆలస్యమయ్యేది. "చూశావా, నీలాగే మొరాయిస్తోంది," అని కిటికీలోంచి నవ్వేవాడు. అందుకే నేను నాన్న నిద్రపోయాక, చప్పుడవకుండా సాక్సులతోనే మంచులోకి వెళ్ళి వైరు మళ్ళీ పెట్టి వచ్చేదాన్ని. అమ్మకి తెలుసు. తడి సాక్సులు పొయ్యి మీద ఆరేసేదే తప్ప ఎందుకు తడిశాయని ఎప్పుడూ అడగలేదు.

బళ్ళు రోడ్డుకి పనికొస్తాయో లేదో సర్కారు చూసే తనిఖీలో ఈ ఏడు కారు తప్పింది. తలుపు కింది ఇనుప పట్టీకి తుప్పట. ఇక దాన్ని రోడ్డెక్కించకూడదు, రిపేరు చేసే చోటికి తప్ప. బాగు చేయించాలా, తుక్కుకి ఇచ్చేయాలా? నాన్నకి జీపుంది. అమ్మకి ఆ కారు లేకపోతే పట్నంలో వృద్ధాశ్రమం ఉద్యోగం ఉండదు. మా ఊరికి బడి బస్సు తప్ప ఇంకోటి రాదు.

"ఒక్క రేకు అతికిస్తే చాలు," అన్నాడు స్టూరె, దాల్చినచెక్క రొట్టె కాఫీలో ముంచుతూ. "ఇంకా కొన్ని చలికాలాలు లాగుతుంది."

"ఎక్కడికి లాగుతుంది? ముసలాళ్ళ ముడ్లు కడగడానికేగా?" అన్నాడు నాన్న. "మా అమ్మ ఇక్కడే ఉంది. ఆ పనికి కారెందుకు, నాలుగడుగులేస్తే చాలు."

"నా ముడ్డి జోలికి రాకురా," అంది నాన్నమ్మ.

అందరూ నవ్వారు. కప్పులు నింపుతూ అమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు, గిన్నెలు తోముతున్నట్టే నవ్వుతుంది. నిజం నవ్వు కారులో ఉంటుంది. నాకు పదహారు నిండినప్పటి నుంచి వెనక నేర్చుకునేవాళ్ళు పెట్టే ఆకుపచ్చ బోర్డు తగిలించి, అడవి దారిలో నాకు నడపడం నేర్పుతోంది. ఒకసారి అక్కడే చెప్పింది: "ఆశ్రమంలో ఒళ్ళు తుడిస్తే వాళ్ళు థాంక్స్ చెబుతారే ఇల్వా. మొదటిరోజు ఎవరితో అంటున్నారో అని వెనక్కి తిరిగి చూశాను." చెప్పి పడీ పడీ నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఆ రోజంతా మా ఇంట్లో ఆ మాట ఎప్పుడైనా విన్నానా అని వెతుక్కుంటూనే ఉన్నాను.

"నా జీతంతో నేను చేయించుకుంటాను," అంది అమ్మ.

స్టూరె నోట్లో రొట్టె ఆగిపోయింది. నాన్న నెమ్మదిగా కప్పు దించాడు.

"సరే. గట్టిదో కాదో చూద్దాం పద."

తనిఖీవాళ్ళు చిన్న సుత్తితో తట్టి చప్పుడు వింటారు. నాన్న కట్టెల కొట్టంలోంచి పెద్ద సమ్మెట తెచ్చాడు. మొదటి దెబ్బకి మంచు మీద ఎర్రటి పొడి రాలింది. రెండో దెబ్బ తలుపుకి తగిలి రేకు లోపలికి ముడుచుకుపోయింది. ఆ తర్వాత ఒక దీపం పగిలింది. ప్రతి దెబ్బకీ "ఇదేనా గట్టి? ఇదేనా?" అంటున్నాడు. కాసేపటికి అది కారుని అడుగుతున్నట్టు లేదు.

"చాలు హోకాన్," అంటూ అమ్మ తలుపు మీద కుడి చెయ్యి పెట్టింది.

చూశాడు. చెయ్యి అక్కడ ఉందని చూశాకే సమ్మెట ఎత్తాడు.

ఎండుకొమ్మ విరిగినట్టు చిన్న చప్పుడు. అమ్మ అరవలేదు, మంచులో మోకాళ్ళ మీద కూలబడింది. రెండు వేళ్ళు వేళ్ళలా లేవు. స్టూరె తన బూట్ల వంక చూసుకున్నాడు. "అది మీ ఇంటి విషయం," అని గొణిగి బండెక్కి వెళ్ళిపోయాడు.

"అడ్డమెందుకు పెట్టావు?" అని నాన్న అరిచాడు. గోడ నుంచి వైరు పీకి అమ్మ ఒళ్ళో విసిరాడు. "సోమవారం తుక్కువాడొస్తాడు." కొట్టం వెనక్కి పోయి కట్టెల రంపం మొదలుపెట్టాడు.

నేను వైరు తీసి మళ్ళీ ప్లగ్గులో పెట్టాను. ఈసారి పట్టపగలు, బూట్లు తొడుక్కుని.

అమ్మ లోపలికి వెళ్ళి చేతికి తువ్వాలు చుట్టుకుంది. ఎడమ చేత్తో కప్పులు సింకులో వేసి కుళాయి తిప్పింది. తువ్వాల్లోంచి కారిన ఎరుపు నురగలో కలిసింది. కాసేపు దాన్నే చూసి కుళాయి కట్టేసింది. కప్పులు అలాగే వదిలేసింది. మా అమ్మ తోమని కప్పుల్ని నేను పుట్టాక చూడలేదు. పని బూట్లు, నా బడి సంచి తీసుకుంది.

నాన్నమ్మ కుర్చీలోంచి కదల్లేదు.

"వెళ్ళేటప్పుడు తలుపేసి వెళ్ళు. వేడి పోతుంది."

"వేస్తాను అత్తయ్యా."

బయట అప్పుడే చీకటి పడుతోంది. రంపం మోగుతూనే ఉంది. అమ్మ వైరు ఊడదీసి తాళం నా చేతిలో పెట్టింది.

"ఈ కుడి చేత్తో గేరు వెయ్యలేను. నువ్వు నడుపు. ముందు ఆసుపత్రికి."

"తర్వాత?" అన్నాను.

అమ్మ ఇంటి వంక చూడలేదు. "అడవి దారిలో కాదు ఈసారి."

ఎడమ వైపు, స్టీరింగు ముందు కూర్చున్నాను. "అమ్మా, పోలీసులు ఆపితే?"

"రిపేరుకి వెళ్తున్నామని చెప్పు. రిపేరుకి వెళ్ళే బండిని ఎవరూ ఆపకూడదు."

తాళం తిప్పాను. ఒక్క దగ్గయినా లేకుండా ఇంజను లేచింది. కొట్టం వెనక రంపం ఆగిపోయింది.

నా వైపు ముడుచుకుపోయిన తలుపు మూసుకోలేదు. అమ్మ వెనక్కి జరిగి, నడుముతో ఒక్క తోపు తోసి తలుపు వేసేసి, చుట్టూ తిరిగి నా పక్క సీట్లోకి ఎక్కింది.