పరారీ కట్టలు

ఇలా నా పక్కకు జరిగి కూర్చో, కాస్త చెవి ఇటు పెట్టు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే పేర్చి పేపరు అచ్చేసే రోజుల్లో ఒక కంపోజిటర్ ఉండేవాడు. ఏ అక్షరం ఏ అరలో ఉందో కళ్లకంటే ముందు ఆయన వేళ్లకే తెలిసేది.

ఆ కాలంలో 'పరారీ' అనే మాట లేకుండా పేపరు వచ్చేది కాదు. పోలీసులు తలుపు తట్టినప్పుడు మనిషి ఇంట్లో లేకపోతే చాలు, పరారీ. పెళ్లికి పోయినా పరారీయే, పన్ను పీకించుకోవడానికి పోయినా పరారీయే. రోజూ పేర్చలేక కంపోజిటర్ 'పరారీలో ఉన్నాడు' అన్న ముక్కను ముందే పేర్చి, దారంతో బిగించి, నాలుగైదు కట్టలు చేతికందేలా పెట్టుకున్నాడు. భలే సులువు కనిపెట్టావయ్యా అని ఎడిటరు మెచ్చుకున్నాడు కూడా.

ఒక మధ్యాహ్నం దూది గోదాము అంటుకుంది. సాయంత్రానికి విలేకరి చీటీ వచ్చింది. గోదాము కాలింది, కాపలాదారు ఇంట్లో లేడు. కంపోజిటర్ చేయి దానంతట అదే పోయి ఒక కట్ట తీసి వరుసలో పెట్టేసింది. ఆ కాపలాదారు ఎవరనుకున్నావు? స్వయానా ఆయన చెల్లెలి మొగుడు. చీటీలో పేరు లేదు, నిజమే. కానీ ఊరంతటికీ ఉన్నది ఒక్కటే దూది గోదాము. చేయి పరుగెత్తింది, మనసు వెనకబడింది.

బావ పారిపోలేదు. ఒళ్లు కాలిన కూలివాణ్ణి భుజాన వేసుకుని పెద్దాసుపత్రికి పరుగెత్తాడు. రెండు రోజులు ఆ మంచం పక్కనే కూర్చున్నాడు. తిరిగొచ్చేసరికి వీధి వీధంతా మొహం తిప్పుకుంది. గోదాము యజమాని కొత్త కాపలాదారుని పెట్టేసుకున్నాడు.

కంపోజిటర్ ఎడిటరు కాళ్లావేళ్లా పడ్డాడు. సవరణ వేశారు, మూడో పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో. ఎవరు చదివారు? కుండమూతికి మూకుడు పెట్టగలం కానీ ఊరిమూతికి పెట్టగలమా?

చివరికి తల వంచుకుని చెల్లెలింటికి వెళ్లాడు. బావ గుమ్మంలోనే ఉన్నాడు.

"రా బావా. ఇవాళ నేను ఇంట్లోనే ఉన్నాలే, రాసుకో."

కంపోజిటర్ నవ్వబోయాడు, నవ్వు రాలేదు. చెల్లెలు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

"ఊరు అనుకుందంటే ఊరికేం తెలుసు? నీకు తెలుసుగా అన్నయ్యా. ఆ మాట పెట్టేటప్పుడు ఒక్కసారైనా ఈయన మొహం నీ కళ్ల ముందు ఆడలేదా?"

"చేత్తో పేర్చానే కానీ ఆ చీటీ మనసుపెట్టి చదవలేదమ్మా. చదివుంటే పెట్టేవాణ్ణా?"

ఆయన తాగలేక వదిలేసిన గ్లాసు తీసుకుని చెల్లెలు లోపలికి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేదని ఆయన బతికినన్నాళ్లూ అనుకున్నాడు.

ఇప్పుడు ఆ ముగ్గురూ లేరు. ఆ పాత పేపరు మాత్రం ఏ బీరువాలోనో ఉండే ఉంటుంది, ఎవరో ఒకరు తీసి చదువుతారు. అందుకే నువ్వు మర్చిపోకు. నీ పిల్లలకు చెప్పు, వాళ్ల పిల్లలకు చెప్పమని చెప్పు. ఆయన పారిపోలేదు, ఒక మనిషిని మోసుకుపోయాడు. చెప్తావు కదూ?