అక్క బాగానే ఉంది

వీసా ఆఫీసు బయటి వరుసలో ముందు నిలబడ్డ పెద్దాయన చొక్కా కాలరు కింద జానెడు దారం వేలాడుతోంది. గంట నుంచి ఆమె చూపు దాని మీదే ఉంది. పందొమ్మిదేళ్ళుగా బట్టల కర్మాగారంలో చొక్కాలకు మిగిలిన దారాలు కత్తిరించి, కుట్టు తప్పినవాటిని పక్కకు తీసే పని ఆమెది. ఇవాళ ఆమె సెలవు పెట్టింది గానీ వేళ్ళు పెట్టలేదు. ఉండబట్టలేక దారాన్ని వేలికి చుట్టి పుటుక్కున తెంపేసింది.

పెద్దాయన ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు.

"దారమండీ," అంది సిగ్గుపడుతూ.

"నయం. లోపలికి వెళ్ళకముందే మెడపట్టి గెంటేస్తున్నారేమో అనుకున్నా."

ఆయన చంకలో ఇటుకంత ఫైలుంది. వరుసలో అందరూ అప్పటికే ఆయన్ను ఫైలు బాబాయి అనేస్తున్నారు. కూతురి దగ్గర స్థిరపడదామని ఇలా రావడం ఇది మూడోసారి.

"ఫొటోలో నవ్వకూడదన్నారు. సరే, నవ్వలేదు. రెండుసార్లు లేదు పొమ్మన్నారు. ఏడవకూడదని మాత్రం ఎక్కడా రాయలేదమ్మాయ్."

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

పొద్దెక్కేకొద్దీ గోడ నీడ సన్నబడుతోంది. దానితో పాటే మనుషులూ గోడకు అంటుకుపోతున్నారు. ఫోన్లు లోపలికి తీసుకువెళ్ళకూడదు. రోడ్డుకు అవతల గొడుగు కింద కూర్చున్న ఆవిడ వాటిని గుడ్డసంచుల్లో వేసుకుని, అంకె వేసిన రేకుబిళ్ళ చేతిలో పెడుతుంది. ఆమె కూడా తన ఫోను అక్కడే ఇచ్చి వచ్చింది.

వీసా వస్తే వెళ్ళేది అక్క దగ్గరికి. ఆ దేశంలో అక్క తప్ప ఆమెకు ఎవరూ లేరు. ఆ మాటకొస్తే ఈ దేశంలోనూ లేరు. తల్లి పోయినప్పటి నుంచి అక్కే జడ వేసింది, అక్కే బడికి పంపింది. పెళ్ళయి బావ వెంట వెళ్తూ, "నిన్నూ తెచ్చుకుంటానే చిట్టీ," అంది. అన్నట్టే దరఖాస్తు పెట్టింది. అప్పుడు ఆమెకు ముప్పైమూడు. ఇప్పుడు నలభైఏడు. రేపో మాపో పిలుస్తారని ఫొటో తీయించుకోవడం, ఆరు నెలలకు దాని గడువు తీరిపోవడం. అలా ఇంట్లో రేకుడబ్బా నిండా ఆమె నవ్వని ముఖాలే. ఒక్కోదాంట్లో పాపిట దగ్గర ఇంకాస్త తెలుపు.

కాగితాలు నింపిన గుమాస్తా మొదట్లోనే చెప్పాడు. "పిలిచే మనిషి ఉన్నంతవరకే ఈ దరఖాస్తుకు ప్రాణమమ్మా. వాళ్ళకేమైనా అయితే ఇదీ పోయినట్టే." పాడు మాట అన్నాడని ఆమె వారం రోజులు అతణ్ణి తిట్టుకుంది.

పదకొండు దాటాక ఆమె వంతు వచ్చింది. అద్దం వెనక కూర్చున్న అధికారి తన వయసు ఆడమనిషే.

"మీ అక్కగారు ఎలా ఉన్నారు?"

"బాగానే ఉందండీ. ఆదివారం మాట్లాడాను. కాస్త జలుబు చేసిందంతే."

"అక్కడికి వెళ్ళి ఏం చేస్తారు?"

"అక్క దగ్గర ఉంటాను." అది చాలదేమోనని, "ఏ పనైనా చేస్తానండీ. కానీ ముందు కొన్నాళ్ళు అక్క దగ్గర ఉంటాను," అంది.

అధికారి చిన్నగా నవ్వి పాసుపోర్టు తీసి పక్కన పెట్టుకుంది. వీసా ఇస్తున్నామంది. పద్నాలుగేళ్ళ పని నాలుగు నిమిషాల్లో తెమిలిపోయింది.

రోడ్డు ఎలా దాటిందో ఆమెకు తెలియదు. గొడుగు కింది ఆవిడ ఫోను అందిస్తూ, "పదకొండుసార్లు మోగింది తల్లీ. ఎత్తుదామనిపించింది గానీ మనది కాదుగా," అంది. అంతలోనే మళ్ళీ మోగింది.

"బావా! ఇచ్చేశారు బావా! అక్కకివ్వు."

"చిట్టీ," అన్నాడు బావ. అతను ఏనాడూ ఆమెను అలా పిలవలేదు. "ఛాతీలో నొప్పన్నది. ఆసుపత్రికి చేరేలోపే... నువ్వు లోపలికి వెళ్ళకముందే చెబుదామని చేశానమ్మా."

ఆమె గొడుగు నీడ అంచున కూలబడింది. ఏడుపు రాలేదు. సంచుల్లో ఎవరెవరి ఫోన్లో మోగుతున్నాయి, ఆగుతున్నాయి.

కాసేపటికి ఫైలు బాబాయి వెలిగిపోతున్న ముఖంతో వచ్చి, ఆమెను చూసి ఆగిపోయాడు. సంగతి విని పక్కనే చతికిలబడ్డాడు.

"నా మాట విని నోరు మెదపకుండా ఇంటికెళ్ళమ్మాయ్. వాళ్ళు ఇచ్చేశారు. ఇక నిన్నెవరడుగుతారు?"

"బాగానే ఉందని చెప్పాను బాబాయ్. అప్పటికే లేదు."

"నీకు తెలియదుగా!"

"ఇప్పుడు తెలుసుగా."

"వెర్రిదానా, నీ బతుకు మారే సంగతే ఇది."

"అక్క దగ్గర ఉంటానని చెప్పి తీసుకున్నాను," అంది. "ఎవరి దగ్గర ఉండను?"

ఆయన ఒళ్ళోంచి ఫైలు జారిపోయినా తీసుకోలేదు.

ఆమె ఫోను తిరిగి ఇచ్చి ఇంకో బిళ్ళ తీసుకుంది. గేటు దగ్గర కాపలా మనిషి, "మీది అయిపోయిందిగా?" అన్నాడు. "ఒక మాట తప్పు చెప్పాను. దిద్దుకోవాలి," అంది. అతను వరుస చివర చూపించాడు. వెళ్ళి నిలబడింది. ఈసారి ముందున్న మనిషి వీపు కూడా ఆమెకు కనబడలేదు.

నాలుగింటికి వీసా పడని పాసుపోర్టు మళ్ళీ ఆమె చేతిలో ఉంది. అధికారి ఏదో ఓదార్పు మాట అంది గానీ అద్దం వల్ల సగమే వినబడింది.

బయటికొచ్చి బావకు ఫోను చేసి చెప్పింది. అతను ఎందుకలా చేశావని అడగలేదు.

"నిన్న సాయంత్రం మీ అక్క బజారుకు తీసుకెళ్ళమంది," అన్నాడు, వేరే ఎవరికో చెబుతున్నట్టు. "ఇక్కడ నేల చల్లగా ఉంటుంది, చిట్టికి ఇంట్లో తొడుక్కోవడానికి చెప్పులుండాలంది. తీరా కొట్లో నీ కాలి కొలత గుర్తుకు రాలేదు. ఎంతసేపు ఆలోచించిందో. చివరికి రెండు జతలు తీసుకుంది. నీ కొలతెంతమ్మా?"

ఆమె చెప్పబోయింది. తల వంచి తన పాదాల వైపు చూసుకుంది.

అంత దూరాన, ఆ ఇంటి గుమ్మం లోపల గోడవారగా, ఒకటి కాస్త పెద్దదీ ఒకటి కాస్త చిన్నదీ, రెండు జతల మెత్తటి చెప్పులు.