చుక్కాని దగ్గర కూర్చున్నాక

ఫిబ్రవరిలో రేవు మెట్ల మీద మంచుకు జారి పడ్డాను. కుడి భుజం లోపల ఏదో తెగింది. శస్త్రచికిత్స చేసిన డాక్టరు, ఇక జన్మలో పందెపు తెడ్డు పట్టకూడదన్నాడు.

పదకొండేళ్లుగా మా ఊరి ఆడవాళ్ల పందెం పడవలో తెడ్డు వేసే మూడో బల్ల నాది. అయినా నాకు ఏడుపు రాలేదు. మా ఆయన ఓలి ఏదైనా అడిగితే బదులిచ్చేదాన్ని. ఆ మాటలు పక్కగదిలో ఎవరో అంటున్నట్టు వినిపించేవి.

ఏప్రిల్‌లో మా శిక్షకుడు హానుస్ వచ్చి, బూట్లు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"చుక్కాని పట్టే యాకుప్ చేపల ఓడెక్కి గ్రీన్‌లాండ్ వైపు పోయాడు. నువ్వు కూర్చో, రాన్‌వా."

"జాలిపడి పిలుస్తున్నావా?"

"జాలా! నువ్వు అరిస్తే అవతలి దీవిలో గొర్రెలు బెదురుతాయి. నాక్కావలసింది ఆ గొంతు."

ఒప్పుకోవడానికి కారణం లేదు. కాదనడానికీ లేదు. వెళ్లాను.

తెడ్డు వేసేవాళ్లకు పడవ పోయే దిక్కు వీపు వెనక ఉంటుంది. పదకొండేళ్లు నేను చూసింది నాకెదురుగా ఉండే మార్యున్ మెడ ఒక్కటే. ఇప్పుడు ఆరు ముఖాలూ నావైపే. బైంతా నడుము నొప్పి దాచుకోవడానికి పెదవి కొరుక్కుంటుందని అప్పుడే తెలిసింది. నా బల్ల మీద పంతొమ్మిదేళ్ల సున్‌వా కూర్చుంది. ప్రతి తెడ్డు వేటూ ఆలస్యమే. చూపంతా నామీదే.

"సున్‌వా! నా ముఖాన ఏమన్నా రాసుందా? మార్యున్ వీపు చూడు."

"చూడక ఎక్కడికి పోతుంది? అంత వెడల్పుంది మరి," అంది బైంతా.

"నోరు మూసుకుని లాగవే," అంది మార్యున్.

ఒడ్డు చేరాక అందరూ దిగారు. సున్‌వా దిగలేదు.

"నీ చోటు లాక్కున్నానని నీకు కోపం కదూ?"

"లేదు."

"పోనీ, బాధ?"

"అదీ లేదు. ఏమీ లేదు, సున్‌వా. నిజంగానే."

నమ్మలేదు. ఆమె కాళ్ల వైపు చూశాను. పాదాలు తన్నిపెట్టే చెక్క కనబడింది. నా పొడుగు కాళ్లకు బిగించింది బిగించినట్టే ఉంది. రెండు నెలలుగా ఈ పిల్ల దాన్ని మునివేళ్లతో అందుకుంటూ లాగుతోంది.

"చెప్పొచ్చు కదే!"

"అది నీది కదా. ఎలా జరపను?"

ఎడంచేత్తో మరలు వదులు చేసి, చెక్కను నాలుగు వేళ్ల మేర దగ్గరికి జరిపాను. జరుపుతుంటే గుండెలో ఏమైనా కదులుతుందేమోనని చూసుకున్నాను. కదల్లేదు. కానీ మర్నాడు పొద్దున్నే లేవగానే నాకు గుర్తొచ్చింది నా భుజం కాదు, బైంతా నడుము.

హానుస్‌తో చెప్పి ఆమెను లాగుడు తేలికగా ఉండే ముందు బల్ల మీదికి మార్పించాను. రెండు రోజులు నన్ను తిట్టిపోసింది. మూడో రోజు పెదవి కొరుక్కోకుండా లాగింది.

జులైలో మా దీవుల రాజధానిలో పందెం. వాన. ఎనిమిది పడవలు. సగం దూరానికి మేం ఐదో చోట ఉన్నాం. ముందెవరున్నారో మావాళ్లకు తెలియదు, నాకే తెలుసు. సున్‌వా ముఖం పాలిపోతోంది. వేట్ల లెక్క అరవడం ఆపి పేర్లు పిలవడం మొదలుపెట్టాను.

"మార్యున్, అలాగే! బైంతా, ఇంకో ముప్పై వేట్లే! సున్‌వా, కాళ్లు! కాళ్లతో తన్నవే!"

తన్నింది. ఒక పడవ పక్కకొచ్చి వెనకబడింది. తర్వాత ఇంకొకటి. మూడో స్థానం. ఆరేళ్లలో మా పడవకు అదే మొదటి పతకం.

అందరూ తెడ్ల మీద వాలి ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు. గొంతు మాత్రం పూర్తిగా పోయింది.

రేవులో సున్‌వా అరచేతులు చాపుకుని నా దగ్గరికొచ్చింది. తోలు లేచిపోయి ఎర్రగా ఉన్నాయి.

"వచ్చే ఏడు కూడా నువ్వే కూర్చుంటావా?"

తలూపి సీసాలో నీళ్లు ఆ చేతుల మీద పోశాను. "అబ్బా!" అని చేతులు వెనక్కి లాక్కుంది. ఆ మంట నాకూ తెలిసింది, కొంచెంగా. మణికట్టు పట్టుకుని మిగతా నీళ్లు మెల్లగా పోశాను.