మూడు గెంతులు

తనుశ్రీకి మాటలు రావు. తొమ్మిదేళ్లు నిండినా ఒక్క "అమ్మ" కూడా రాలేదు. అయినా మా క్లాసులో అందరికన్నా ఎక్కువ గోల చేసేది ఆ పిల్లే. స్టీలు గ్లాసు పట్టుకుని కిటికీ ఊచల మీద టంగుటంగుమని వాయిస్తుంది. కోపమొస్తే మణికట్టు కొరుక్కుంటుంది. పన్నెండున్నరకు అన్నం గంట కొట్టగానే ఎక్కడున్నా లేచి మూడు గెంతులు గెంతుతుంది. రెండూ కాదు, నాలుగూ కాదు. ఆ మూడూ అయితే గానీ పళ్లెం ముందు కూర్చోదు.

తిరువళ్లూరులో ఇలాంటి పిల్లల కోసం నడిచే చిన్న బడిలో నేను పదిహేడేళ్లుగా టీచర్ని. కాంచన టీచరుకు ముక్కు మీదే కోపమని మా ఆయా కుప్పమ్మ వీధంతా చెబుతుంది. చెప్పనీ, నిజమే. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడగలేని పిల్లల సంగతి ఆ సామెత కట్టినవాడికి గుర్తు రాలేదు కాబోలు. వాళ్ల తరఫున అడగడానికి కోపం కావాలి. ఆ సోమవారం మాత్రం ఆ కోపం నాకు ఆలస్యంగా వచ్చింది.

పొద్దున్నే వాళ్ల అవ్వ ధనమ్మ పిల్లను తీసుకొచ్చి దింపింది. తనుశ్రీ తల నున్నగా గుండు. గుండంతా మందంగా గంధం. అవ్వ ఒక చేతిలో పంచామృతం డబ్బా, ఇంకో చేతిలో గంధం గిన్నె.

"నిన్న తిరుత్తణి గుడికి పోయి గుండు కొట్టించినాము టీచరమ్మా. పాప కొరుక్కునేది, కొట్టుకునేది మాని నిమ్మళంగా ఉండాలని నా మొక్కు. మూడు దినాలు తలకు నీళ్లు తగలగూడదు. గంధం ఎండిపోతే మళ్లా పుయ్యమని కుప్పమ్మకు చెప్పు."

"రాత్రి నిద్రపోయిందా?"

"యాడ? బస్సులో ఒగటే ఏడుపు, ఇంట్లోనూ ఏడుపే. మంగలాయన కత్తి చూసి బెదిరినట్టుండాది."

అవ్వ పిల్లలందరికీ పంచామృతం పెట్టింది. తనుశ్రీకి తీపంటే ప్రాణం, చెంచా కూడా నాకి ఇస్తుంది. ఆ రోజు మూతి బిగించి మొహం పక్కకు తిప్పుకుంది. గుడి దగ్గర తినీ తినీ మొహం మొత్తిందేమో అనుకున్నాను. మనకు తోచిన కారణం మనకు ఎంత ముద్దో!

పది గంటలకు మణికట్టు కొరుక్కోవడం మొదలుపెట్టింది. పళ్లు దిగినచోట రక్తం చిమ్మింది. కుప్పమ్మ ఎత్తుకోబోతే తన్నింది. నేను గట్టిగా కసిరాను. మా బడిలో ప్రతి పిల్లకూ ఒక డైరీ ఉంటుంది, ఏం జరిగినా టైము వేసి రాస్తాం, సాయంత్రం ఇంట్లో చూసుకుంటారు. "10.05. మారాం. ఆయాను తన్నింది" అని రాశాను.

ఆ తర్వాత ఉన్నట్టుండి మొత్తం ఆగిపోయింది.

కొరుక్కోవడం లేదు. ఏడుపు లేదు. చాప మీద పక్కకు తిరిగి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకుంది. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. గ్లాసు ఆమె చేతికి అందేంత దూరంలోనే ఉంది, ముట్టుకోలేదు. మా క్లాసు ఫ్యాను కీచుమంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

కుప్పమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "తిరుత్తణి సామీ! ఒక దినంలోనే మొక్కు విన్నావే. చూడు టీచరమ్మా, బొమ్మ మాదిరి పండుకోనుండాది."

"ఊరికే ఉండు కుప్పమ్మా, జరం గాని వచ్చిందేమో" అని నుదుటి మీద చెయ్యి పెట్టాను. చల్లగా తగిలింది. కుప్పమ్మ అప్పుడే మళ్లీ పూసిన తడిగంధం కదా, చల్లగా కాక ఎలా ఉంటుంది? ఆ ముక్క నాకు అప్పుడు తట్టలేదు. తట్టాలని అనిపించలేదు కూడా, అసలు సంగతి అదే. మూడేళ్లుగా ఆ టంగుటంగు విని విని నా తల వాచిపోయింది. మొక్కుల మీద నాకు పెద్ద నమ్మకం లేదు గానీ, దేవుడిచ్చిన నిశ్శబ్దాన్ని మాత్రం కళ్లకద్దుకుని తీసుకున్నాను. డైరీలో "11.20. నిమ్మళించింది. వెరీ గుడ్" అని రాసి, పక్కన బంగారు రంగు నక్షత్రం అంటించాను. ఆ పిల్ల డైరీలో అదే మొదటి నక్షత్రం.

గంటసేపు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని మిగతా పిల్లలతో పూసలు గుచ్చించాను.

పన్నెండున్నరకు గంట కొట్టారు.

తనుశ్రీ లేచింది. గోడ పట్టుకుని, నడుము వంచి, ముసలమ్మలా లేచింది. గంట వైపు చూసింది. మోకాళ్లు వంచింది. గెంతలేదు. మళ్లీ వంచింది. కాళ్లు వణికాయి గానీ మడమలు నేలను వదల్లేదు. కుడిచేత్తో గౌనును పొట్ట కింద గుప్పిట పట్టుకుని, నా వైపు చూసింది. ఆ పిల్ల ఎప్పుడూ ఎవరి కళ్లలోకీ చూడదు.

దగ్గరికి వెళ్లి గౌను వెనకనుంచి వీపు మీద చెయ్యి పెట్టాను. కాలిపోతోంది. పొట్ట మీద వేలు ఆనించానో లేదో ఒళ్లంతా బిగుసుకుపోయింది. పొట్ట పలకలా గట్టిగా ఉంది. అరుపు మాత్రం లేదు. అరవడానికి కూడా కడుపు కదలాలి కదా.

సరిగ్గా అప్పుడే మనవరాలికి అన్నం పెట్టడానికి అవ్వ వచ్చింది. కుప్పమ్మ గేటు దగ్గరే శుభవార్త చెప్పేసినట్టుంది, మొహం వెలిగిపోతోంది.

"అవ్వా, ఆటో పిలుస్తా ఉండా. పెద్దాసుపత్రికి పోవాల."

"ఏంటికి?"

"పాపకు కడుపులో ఏమో అయింది."

"అపశకునం మాటలు మాట్లాడొద్దు టీచరమ్మా. ఇన్నాళ్లు కొరుక్కుంటే మీరే గదా చీటీలు రాసి పంపినారు? ఇప్పుడు నిమ్మళంగా ఉంటే జబ్బంటారా? తల తాకి చూడు, ఎంత చల్లంగా ఉండాదో!"

తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నేను ఒంటికాలి మీద లేచాను. ఆమె చెయ్యి పట్టుకుని గౌను లోపలికి, పిల్ల వీపు మీదికి తోశాను.

"గంధాన్ని తాకితే చల్లంగానే ఉంటాది. పిల్లను తాకు అవ్వా!"

అవ్వ చెయ్యి అక్కడే ఉండిపోయింది. కుప్పమ్మను మిగతా పిల్లల దగ్గర వదిలి ఆటో ఎక్కాం. ప్రతి గుంతకూ తనుశ్రీ కళ్లు మూసుకునేది, అంతే. దారిపొడుగునా తండ్రి సుభాష్‌కు ఫోన్ చేస్తూనే ఉన్నాను. అతను కాట్టుపల్లి ఓడరేవులో కాంట్రాక్టు పని, తల్లి రంజిత ఇంకో కంపెనీలో. ఇద్దరూ ఫోన్లు గేటు దగ్గరే ఇచ్చి లోపలికి పోవాలి. రెండు ఫోన్లూ మోగి మోగి ఆగిపోయాయి.

ఆసుపత్రిలో చిన్న వయసు డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి, స్కాన్ చేయించి, నన్ను పక్కకు పిలిచింది. "నొప్పి ఉన్నట్టుండి తగ్గినట్టు కనిపించిందా? ఎప్పుడు?" అని తమిళంలో అడిగింది.

సంచిలోంచి డైరీ తీసి ఇచ్చాను. ఆమెకు తెలుగు రాదు, అంకెలు చూసుకుంటూ వచ్చింది. నక్షత్రం దగ్గర వేలు ఆగింది. పెన్ను తీసి 11.20 చుట్టూ గీసింది.

"అపెండిక్స్ పగిలింది. పగిలినప్పుడు కాసేపు నొప్పి తగ్గుతుంది. తర్వాత చీము కడుపంతా పాకుతుంది. వెంటనే ఆపరేషన్ చేయాలి, ఆలస్యమైతే పాప దక్కదు. సంతకం ఎవరు పెడతారు?"

సంతకం పెట్టాల్సింది అవ్వే. నర్సు తడిదూదితో పిల్ల తల మీది గంధం తుడవడం మొదలుపెట్టింది. తలకు నీళ్లు తగులుతున్నాయి. అవ్వ చెయ్యి ముందుకు సాగి, దానంతటదే వెనక్కి వచ్చింది. గంధం కింద బయటపడిన గుండు జ్వరంతో ఎర్రగా ఉంది.

"నేనే గదా అడిగినా, నిమ్మళంగా ఉండాలని" అంది అవ్వ చిన్నగా. "సామి నేనడిగిందే ఇచ్చినాడు."

"నువ్వు అడిగినావు. నేను నక్షత్రం అంటించినా" అన్నాను. ఓదార్పుకు అన్న మాట కాదది. నా మీద నాకు అసహ్యం వేసింది.

ఆమె సంతకం పెట్టింది. అక్షరాలు గీత దాటి పోయాయి.

ఆపరేషన్ అయింది. అయినా డాక్టరమ్మ "చూద్దాం" అందే గానీ "పరవాలేదు" అనలేదు. చీము చాలా ఉందట. రెండోరోజు తనుశ్రీ కదల్లేదు. మూడోరోజూ అంతే. కళ్లు తెరిచి పైకప్పు చూసేది. తల్లీతండ్రీ చెరోవైపు కూర్చుని చేతులు నిమిరేవాళ్లు. "పాప ఎంత బుద్ధిగా పడుకుందో" అంది పక్క మంచం ఆవిడ. నేను ఆవిడ వైపు చూసిన చూపుకు ఆవిడ మంచం జరుపుకుంది. అవ్వ మాత్రం మొక్కడం మానేసింది. ఏమడిగితే ఏమవుతుందోనని భయం.

నాలుగోరోజు పొద్దున వార్డులోకి పాలబండి వచ్చింది. పాలతను గరిటెతో గిన్నె మీద గంట కొట్టినట్టు కొట్టాడు.

తనుశ్రీ తల కొంచెం తిరిగింది. దుప్పటి కింద ఏదో కదిలింది. మడమ ఒకసారి పరుపు మీద నుంచి లేచి, పడింది.

"ఒగటి" అంది అవ్వ.

మళ్లీ లేచి, పడింది. "రెండు."

ఆ తర్వాత ఏమీ లేదు. పిల్ల మొహం నొప్పితో ముడుచుకుంది. పాలబండి పక్క మంచం దాటి వెళ్లిపోయింది. సుభాష్ లేచి నిలబడ్డాడు. రంజిత నా చెయ్యి పట్టుకుంది, గోళ్లు దిగేలా. అవ్వ పెదవులు మూడో అంకెను పట్టుకుని అలాగే ఉండిపోయాయి.

మడమ లేచింది.