ముందు రాయి, తరువాత ఇసుక

ఆ ఉదయం గదిలో ఉన్నవారు, వచ్చిన క్రమంలో: పక్షవాతంతో రెండేళ్లుగా మంచం దిగని నా భార్య; ఆమె పక్కన కుర్చీలో నేను; మందులు తెచ్చిన మా కోడలు; చిట్టచివర, పెంపుడు చేపల దుకాణం పనివాడు. అతడి ఆలస్యం అతడి తప్పు కాదు. పిలవడంలో ఆలస్యం చేసినవాణ్ణి నేను.

నా భార్యకు మాట పోయింది, చూపు మిగిలింది. ఆ చూపు నిలిచేందుకు ఏదైనా ఉండాలని మంచానికి ఎదురుగా ఉప్పునీటి తొట్టె పెట్టించాను. అందులో పేర్చవలసినది లైవ్ రాక్. సముద్రం నుంచి తీసిన రాయి అది. దాని చిల్లులలో కాపురముండే సూక్ష్మజీవులే నీటిని శుభ్రపరుస్తాయి.

పేర్చే రోజున పనివాడు నన్ను హెచ్చరించాడు.

"సార్, ముందు రాళ్లని అడుగు గాజు మీద కూర్చోబెడదాం. ఇసుక తర్వాత పోద్దాం. మీరు కోరిన గోబీ చేప ఊరుకునే రకం కాదు, రోజంతా ఇసుక తవ్వుతుంది. కింద ఇసుక జారిందంటే రాయి దొర్లుతుంది."

"ముప్పై అయిదేళ్లు వంతెనలకు పునాదులు వేయించాను. రాయి ఎలా నిలుస్తుందో నాకు చెబుతున్నావా?"

"చేపకి మీ డిగ్రీ సంగతి తెలీదు కద సార్!"

కోడలు నవ్వాపుకుంది. "ఆయన రోజూ చేసే పనే కదా మామయ్యగారూ, చెయ్యనివ్వండి."

నేను వినలేదు. గాజుకు గీతలు పడతాయని వాదించి ముందు ఇసుకే పోయించాను. స్తంభాల కింద ఇసుక కోతను గురించి నా ఉద్యోగకాలంలో నివేదికలు రాసినవాణ్ణి!

పదిహేనవ రోజున పెద్ద రాయి కింద గుంట కనిపించింది. దుకాణానికి ఫోను చేస్తే అతడి మాటే నెగ్గినట్టవుతుందని నాలుగు రోజులు ఊరుకున్నాను. అయిదవ నాటి ఉదయం ఆ రాయి ఒరిగి ముందు గాజును తాకింది. గాజులో వెంట్రుకంత చీలిక బయలుదేరింది. ఆ రాయి మీద మరి మూడు రాళ్లున్నాయి. తొట్టె కింద, నేల మీద, నా భార్యకు ఊపిరి అందించే యంత్రం, దాని విద్యుత్తు తీగలు.

కోడలు మందులు కింద పడవేసి, రెండు చేతులూ నీటిలో ముంచి రాయిని వెనక్కి నెట్టి పట్టుకుంది. దాని అంచులు రంపపు పళ్లలాంటివి. నీరు ఎరుపెక్కింది.

"చెయ్యి తెగిందమ్మా!"

"తెగనివ్వండి. నన్ను చూస్తూ నిలబడితే ఎలా? ముందు ఫోను, తర్వాత బకెట్టు!" అత్తగారి కళ్లలో భయం చూసి గొంతు మార్చింది. "ఏం లేదత్తయ్యా, మీ చేపలకి స్నానం చేయిస్తున్నా."

నేను దుకాణానికి ఫోను చేసి, గొట్టంతో నీరు లాగుతూ సగం సగం బకెట్లు మోశాను. ముప్పై అయిదు నిమిషాలకు పనివాడు వచ్చాడు. పై రాళ్లు ఒక్కొక్కటే దించి, చివరకు ఆమె చేతుల్లోని రాయిని అందుకున్నాడు. నన్ను ఒక్క మాటా అనలేదు.

గాయానికి తొట్టె నీటి విషం ఎక్కింది. మూడవ వారంలో వైద్యులు ఆమె కుడి చూపుడు వేలు తొలగించారు. ఆమె దర్జీ, బట్ట మీద కత్తెరను నడిపేది ఆ వేలే.

ఆసుపత్రిలో బంధువులు అడిగితే, "దుకాణంవాడి నిర్వాకం," అన్నాను.

కోడలు కట్టు కట్టిన చేతినే చూసుకుంటూ అంది: "ఆయన నోటి దగ్గర కూడు తియ్యకండి మామయ్యగారూ. ఇసుక ఎవరు పోయించారో అత్తయ్య కూడా చూశారు."

ఆనాడు చెప్పవలసినది ఈనాడు రాస్తున్నాను.

ముందుగా ఇసుక పోయించినది, గుంటను చూసి నాలుగు రోజులు మౌనం వహించినది నేనే. ముప్పై అయిదు నిమిషాలు ఆ రాయిని ఆపి నా భార్య ప్రాణం నిలబెట్టినది నా కోడలు. అందుకు ఆమె ఒక వేలినీ, దానితోపాటు తన వృత్తినీ కోల్పోయిందని ఇందుమూలంగా, శిరసు వంచి, అంగీకరిస్తున్నాను.