నూట పన్నెండు మంది పుట్టినరోజులు

మా కంపెనీ విత్తనాలమ్ముతుంది. ఆఫీసు మొయినాబాద్‌లో, బీజాపూర్ రోడ్డు మీద. రెండువేల ఆరులో మా ఎండీ గారు హైటెక్ సిటీలో ఎవరిదో ఆఫీసు చూసొచ్చి, మన దగ్గర కూడా అన్ని కంప్యూటర్లూ ఒకే తీరుగా ఉండాలని హుకుం జారీ చేశారు. ఈమెయిల్‌లో అక్షరాలు ఒకే సైజు, కింద సంతకం ఒకే పద్ధతి, క్యాలెండర్‌లో వారం సోమవారంతో మొదలు, ఏ మీటింగుకైనా పావుగంట ముందు గంట మోగాలి. నూట పన్నెండు కంప్యూటర్లు. చేసేవాణ్ణి నేనొక్కణ్ణే.

నన్నందరూ సిస్టమన్న అంటారు. కాంట్రాక్టు మనిషిని. ఐదేళ్ళుగా సర్వర్ గదిలో, ఏసీ చలికి స్వెటర్ వేసుకుని కూర్చుంటున్నాను. ఏదైనా చెడితే తప్ప నేనెవరికీ గుర్తురాను. చెడకుండా చూడటమే నా పని. అంటే పని ఎంత బాగా చేస్తే అంత ఒంటరిగా ఉంటానన్నమాట. ఏరి కోరి దొరకబుచ్చుకున్నాను ఉద్యోగం.

ఆ రెండు నెలలు మాత్రం ప్రతి బల్ల దగ్గరికీ వెళ్ళాను. స్టోర్స్ శాంసన్ ఉత్తరాలన్నీ ఎర్రటి పెద్ద అక్షరాల్లో రాస్తాడు. నల్లగా చిన్నవి చేశాను. పర్చేజ్‌లో జెన్నీ తన సంతకం కింద బైబిలు వాక్యం పెట్టుకుంది, అది తీసేస్తుంటే నా వంక గుర్రుగా చూసి, "అది నీకేం అడ్డమొచ్చిందన్నా?" అంది. నాకేం అడ్డం రాలేదని చెప్పాను. అంతసేపు ఒక మనిషి నాతో మాట్లాడటం బాగుండి, ఆ రోజు ఆమె కంప్యూటర్ దగ్గర కొంచెం ఎక్కువసేపే ఉన్నాను.

చివర్లో హెచ్ఆర్ అరుణశ్రీ పేర్ల జాబితా చేతికిచ్చింది. "అందరి పుట్టిన్రోజులు గూడ క్యాలెండర్ల ఎక్కియ్యన్నా. పొద్దుగాల పదింటికి అందరికి గంట మోగాలె."

జాబితా చూస్తే జూన్ నెలలోనే నలభై మంది పుట్టారు. ఎలా పుట్టారో నాకు తెలుసు. మా వైపు బడిలో వేసేటప్పుడు తల మీదుగా చెయ్యి పోనిచ్చి అవతలి చెవి అందుకోమనేవాళ్ళు. అందితే అయిదేళ్ళు నిండినట్టు. పంతులుగారు అక్కడికక్కడే ఒక జూన్ తారీఖు రాసేసేవారు.

"గివన్ని సర్టిఫికెట్ల తారీఖులు. అసలువి ఒక్కొక్కల్ని అడిగి రాస్త," అన్నాను. ఆమె సరేనంది.

మళ్ళీ అన్ని బల్లల దగ్గరికీ వెళ్ళాను. ఒకరు దసరా ముందు మంగళవారమన్నారు, ఒకరు ఇంటికి ఫోన్ చేసి అమ్మనడిగారు. అందరికీ పాత క్యాలెండర్లు వెతికి తారీఖు కట్టాను. నీదెప్పుడని నన్నెవరూ అడగలేదు. కాంట్రాక్టు వాణ్ణి, నేను జాబితాలోనే లేను కదా.

నవంబర్‌లో శాంసన్ పుట్టినరోజొచ్చింది. పదింటికి అన్ని గదుల్లో ఒకేసారి గంట మోగింది. జనం తిరణాలకు వెళ్ళినట్టు వాడి బల్ల చుట్టూ మూగారు. బేకరీ నుంచి కేకొచ్చింది. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గుమ్మం దగ్గర నిలబడి చూశాను. నాకూ అలా కావాలనిపించింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, చాలా కావాలనిపించింది.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. మా అమ్మ పోయి పదేళ్ళు. ఆదివారం చేవెళ్ల బస్సెక్కి, మార్కెట్లో కూరగాయలమ్మే మా మేనత్త సుక్కమ్మ దగ్గరికి పోయాను.

"పీరీల పండుగ తెల్లారి పుట్టినవ్ బిడ్డా. డప్పులు కొట్టి కొట్టి ఊరంత పండుకున్నది, మంత్రసానిని లేపనీకె నేనే ఉరికిన," అంది, టమాటలు ఏరుతూనే. "ఇన్నేండ్లకు ఎందుకడిగినవ్రా?"

ఊరికేనన్నాను. నేను పుట్టిన ఏటి మొహర్రం చూసి లెక్క కడితే డిసెంబర్ ఒకటి తేలింది. ఆ రాత్రే పేరు చేర్చాను. కాంట్రాక్టు అని రాయలేదు, సిస్టమ్ అని రాయలేదు. మనుషులకు రాసినట్టు ఉత్త పేరే రాశాను.

ఒకటో తారీఖు శుక్రవారం. కొత్త చొక్కా వేసుకున్నాను, స్వెటర్ వేసుకోలేదు. బల్ల మీద రెండు ప్యాకెట్ల చాక్లెట్లు పెట్టుకున్నాను. పదింటికి గోడల అవతల గంట మోగింది. తలుపు వంక చూస్తూ కూర్చున్నాను. పది నిమిషాలైంది. వరండాలో అడుగుల చప్పుడు అటూ ఇటూ తిరిగి ఆగిపోయింది. ఇంకో పది నిమిషాలకు ఫోన్ మోగింది.

"సిస్టమన్నా, జెన్నీని. క్యాలెండర్ల ఏదో తప్పు పడ్డది, జర చూడు. కుర్మయ్య అంట, బర్త్‌డే అంట."

"ఆఁ," అన్నాను.

"మేం కేకు గూడ తెప్పిచ్చినం. ఆ మనిషే దొరుకుతలేడు. శాంసన్ అన్న గేటు కాడికి పోయొచ్చిండు, డ్రైవర్లను అడిగిండు. గా పేరోడు ఎవ్వడు లేడంట. ఎవలో పాత వాచ్‌మన్ తాత అయ్యుంటడు. నువ్వు అందరి పేర్లు ఎక్కిచ్చినవ్ గద, నీకేమన్న ఎరుకనా?"

నేనే అనడానికి నోరు తెరిచాను. అంటే ఏమవుతుందో కూడా కనబడింది. అయ్యో అంటారు, నవ్వుతారు, నీ పేరు కుర్మయ్యనా అంటారు, కేకు పట్టుకొని వస్తారు. వచ్చేది నా కోసం కాదు, ఐదేళ్ళు నా పేరు అడగనందుకు. పిలవని పేరంటానికి నేనే బొట్టు పెట్టించుకున్నట్టుంటుంది.

"నాకు ఎరుక లేదు మేడం. తప్పే పడ్డట్టున్నది. తీసేస్తున్న."

సర్వర్‌లో నా పేరు మీద నొక్కాను. అందరి కంప్యూటర్ల నుంచీ తీసెయ్యాలా అని తెర మీద అడిగింది. అవునన్నాను.

"ఆఁ, పోయింది," అంది జెన్నీ. "కేకు వేస్టెందుకు, మేమే కోసుకుంటం. నీకు గూడ ఓ ముక్క పంపుత అన్నా."

ఫోన్ పెట్టేశాక ఫిర్యాదుల రిజిస్టర్ తీశాను. ప్రతి కాల్‌కూ ఒక వరుస రాసి, సరిచేసినవాళ్ళు సంతకం పెట్టాలని రూలు. "ఫిర్యాదు: పర్చేజ్. పొరపాటు: ఆఫీసులో లేని మనిషి పేరు. సరిచేయబడింది."

పక్కన సంతకం చేశాను: కుర్మయ్య.