పొగగొట్టం ఏ దేశంలో ఉంది

జర్మనీలోని సాక్సనీ రాష్ట్రంలో, ఒక ప్రాంతంలో పొగగొట్టాల తనిఖీ హెన్రీకె పోలాండ్ట్ పని. ఓర్ట్‌విన్ లెమ్‌నిట్జ్ ఇంటికి ఆమె రెండుసార్లు నోటీసు పంపింది. రెండూ తిరిగొచ్చాయి. వాటి మీద ఎర్ర సిరాతో ‘అంగీకరించలేదు’ అని రాసి, కింద బొటనవేలి ముద్ర వేసి ఉంది. జర్మనీ దేశం కాదు, కంపెనీ అని ఓర్ట్‌విన్ వాదన. తాను పాత జర్మన్ సామ్రాజ్యపు పౌరుణ్ణంటాడు. గుర్తింపు కార్డు ఆఫీసుకి తిరిగిచ్చేశాడు.

జనవరిలో ఒక ఉదయం మూడోసారి బయల్దేరి, ఆమె రొట్టెల దుకాణం దగ్గర ఆగింది.

"లెమ్‌నిట్జ్ రాజ్యానికేనా? పాస్‌పోర్టు పెట్టుకున్నావా అమ్మాయ్?" అంది దుకాణం నడిపే ఇల్జె. వరసలో ఉన్నవాళ్లు నవ్వారు.

"వరదొచ్చినప్పుడు మా ఇంట్లో బురద ఎత్తిపోసింది అతనే," అన్నాడు వరసలో ఉన్న రిటైరైన పోస్టుమాన్. "ఇప్పుడు పలకరిస్తే మాట్లాడడు. నేను కంపెనీ నౌకరునట."

"అతని సంగతి సరే. వాళ్లావిడ రోజ్‌విటాకి నెల్లాళ్లుగా తలనొప్పి. పొయ్యి రాజేసిన రోజునే వస్తుందట," అంది ఇల్జె.

హెన్రీకె రొట్టె తీసుకోకుండానే కారెక్కింది.

గేటు ముందు నేల మీద తెల్ల గీత ఉంది. దాని వెనక ఓర్ట్‌విన్ నిలబడ్డాడు.

"గీత దాటితే విదేశం. ఈ కాగితం మీద సంతకం పెట్టు, రానిస్తాను."

హెన్రీకె తాను ఒక కంపెనీ మనిషినని ఒప్పుకుంటున్నట్టు ఆ కాగితంలో ఉంది. సంతకం పెడితే దాన్ని అతను ఆఫీసులన్నిటికీ పంపుతాడు. పోలీసులను పిలిస్తే గడియ పెట్టుకుని లోపల కూర్చుంటాడు. పొయ్యి మండుతూనే ఉంటుంది.

"మీ పొగగొట్టంలో కాకులు గూడు కట్టాయి. పుల్లలు ఇక్కడికే కనిపిస్తున్నాయి," అంది హెన్రీకె. "పొగ ఇంట్లోకే తిరిగొస్తుంది. అందులో వాసన లేని విషం ఉంటుంది. మీ ఆవిడ తలనొప్పి దానివల్లేనేమో."

"అది మా అంతర్గత వ్యవహారం."

ఇంట్లోంచి రోజ్‌విటా గోడ పట్టుకుని వచ్చింది. చేతిలో గుర్తింపు కార్డు ఉంది.

"జరుగు ఓర్ట్‌విన్."

"నువ్వు లోపలికెళ్లు."

"కార్డు ఇచ్చేసింది నువ్వు. నేనివ్వలేదు. రిజిస్టరులో సగం ఇల్లు నా పేర ఉంది." కార్డు హెన్రీకెకి చూపించింది. "నా సగం జర్మనీలోనే ఉందమ్మా, రా."

"ఏ సగం నీది?" అన్నాడు ఓర్ట్‌విన్.

"పొయ్యి ఉన్న సగం."

అతను గేటు తీయలేదు. అడ్డంగానూ నిలబడలేదు. రోజ్‌విటాయే తీసింది.

వంటింట్లో అడుగు పెట్టగానే హెన్రీకె నడుముకున్న విషవాయువు మీటరు మోగింది. ఆమె కిటికీలు తెరిచి, నిప్పులు బయటికి తీసి, ఇద్దర్నీ పెరట్లోకి పంపింది.

"ఇద్దరూ ఇప్పుడే ఆసుపత్రికి వెళ్లాలి. అంబులెన్సుకి ఫోన్ చేస్తాను."

"అక్కర్లేదు, కారుంది," అన్నాడు ఓర్ట్‌విన్. తాళాలు తీసి, కారు దాకా వెళ్లి ఆగాడు. దానికి ఉన్నది అతను అచ్చు వేయించుకున్న సామ్రాజ్యపు నంబరు ప్లేటు. దానితో కిందటి నెల పోలీసులు ఊరి పొలిమేర కూడా దాటనివ్వలేదు.

"నా కారులో పది నిమిషాలు," అంది హెన్రీకె.

రోజ్‌విటా ముందు సీట్లో కూర్చుంది. వెనక సీటు నిండా మసి బ్రష్షులున్నాయి. ఓర్ట్‌విన్ వాటిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"అద్దం దించు, ఆవిడకి గాలి తగలాలి," అన్నాడు.